రిపన్ ప్రభువు - న్యాయస్థానమున జాతిభేదము

చెన్నపురి నగరసభా భవనము రిపన్ ప్రభువు పేరు ధరించియున్నది. 1882లో స్థానిక స్వపరిపాలనమునకు దారిచూపిన రాజప్రతినిధిగా మనవా రాయనను స్మరింతురు. అయినను ఆయన ధర్మబుద్ధికి కఠినపరీక్షయైనది ఇల్బర్టు బిల్లు వ్యవహారమే యని మేము తలంచుచున్నాము.

ఆయన 1827 అక్టోబరులో, తండ్రి ఇంగ్లండు ప్రధానమంత్రిగా నున్న కాలమున, లండనులో జనించెను. 1874లో కాథలిక్ మతమును స్వీకరించి స్వదేశీయులనేకుల యాగ్రహమునకు గురియయ్యెను. 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వ మాయనను భారతదేశమునకు పంపెను. దేశభాషాపత్రికలను బంధించిన 1878 నాటి శాసనమును ఆయన ప్రభుత్వము 1882లో రద్దుపఱచెను.

ఆ కాలమున మఫసలు జిల్లాలలో ఆంగ్లేయ నిందితుని విచారించు నధికారము భారతీయ మేజిస్ట్రేటునకు లేదు. రాజధానీ నగరమున ఆంగ్లేయులను విచారించినవాడే, ఉన్నతపదవిపై జిల్లాకు పోయినచో, ఆ యధికారమును గోల్పోవుచుండెను. సివిలు సర్వీసునందలి బిహారీలాల్ గుప్త 1882లో ఈ వైపరీత్యమును ప్రభుత్వమునకు విన్నవించెను. రాజప్రతినిధి సభలో న్యాయశాఖ సభ్యుడగు ఇల్బర్టు దానిని తొలగించుటకై 1883 ఫిబ్రవరిలో బిల్లును ప్రవేశపెట్టెను.

అంతట ఐరోపీయ వర్తకులును, తోటల యజమానులును, న్యాయవాదులును కలకత్తాలో మహాసభ జరిపి, ఆత్మరక్షణకని సంఘము స్థాపించి, రాజప్రతినిధిని బహిరంగముగ నవమానించిరి. తుదకు రిపన్ రాజీపడెను. 1884 జనవరిలో నమోదైన శాసనము భారతీయులగు జిల్లా మేజిస్ట్రేటులకును సెషన్సు జడ్జీలకును ఆంగ్లేయులను విచారించు నధికార మొసగెను. కాని ఆ నిందితుడు, సగమునకు తక్కువగాక ఐరోపీయులో అమెరికనులో గల జూరీని కోరుటకు హక్కు పొందెను. జిల్లా మేజిస్ట్రేటు నెదుట భారతీయ నిందితునకు అట్టి హక్కు లేదు. న్యాయాధికారి జాతినిబట్టిన భేదము కొంత తొలగెను. నిందితుని జాతినిబట్టిన భేదము నిలిచెను.

రిపన్ పిఱికివాడని మేమనజాలము. స్వజాతీయులు ఎదురుతిరుగ, తన సభలోనే బలము చాలకుండ, ఆయన సూత్రమును మాత్రము నిలిపెను. 1884 డిసెంబరులో ఆయన స్వదేశమునకు బయలుదేరినపుడు భారతీయులు గొప్ప వీడ్కోలు నొసగిరి. సంఘబలమేమి చేయగలదో ఆంగ్లేయుల యాందోళనమువలన గ్రహించినవారు, మఱుసటి యేట కాంగ్రెసు మహాసభను సమకూర్చిరి.

రిపన్ 1909లో మరణించెను. విచారణలోని జాతిభేదమును 1923 నాటి శాసనము తగ్గించెను. స్వతంత్రభారత శాసనసభ 1949లో దానిని పూర్తిగ తుడిచివేసెను. ఉదారుడైన పాలకుడు ఆరంభించిన కార్యము ప్రజలు తామే శాసనకర్తలగు వఱకు, అఱువదియైదేండ్లు, వేచియుండవలసివచ్చెను. న్యాయసమత్వమును దయాదానముగ నెంచువారు ఈ చరిత్రమును మఱువరాదు.