కంప్యూటర్ గది తలుపులు తెరిచిన జాన్ కెమెనీ

పోయిన వేసవి సెలవుల్లో మేం ముగ్గురం రాయ్‌పూర్‌లోని ఒక దుకాణంలో ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వచ్చాం. కొనాల్సిన సరుకును దొంగతనంగా కాపీ చేసి ఇచ్చారని మాకు తట్టలేదు. దానితో పాటు వచ్చిన వైరస్ మాలో ఒకరి అక్క కాలేజీ ప్రాజెక్టును మింగేసింది. పైథాన్ పైసా ఖర్చు లేకుండా, చట్టప్రకారమే దొరుకుతుందని కంప్యూటర్ సార్ చెప్పేసరికి తలలు దించుకున్నాం. కెమెనీ పేరు మేం మొదటిసారి విన్నది అప్పుడే.

జాన్ కెమెనీ 1926లో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. హిట్లర్ భయంతో 1940లో ఆ కుటుంబం అమెరికా చేరింది. ఇల్లు వదలి రానన్న తాతగారు నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ప్రిన్స్‌టన్‌లో చదువుతుండగానే కెమెనీని లాస్ అలమోస్‌కు పంపారు. అక్కడ 17 ఐబీఎం యంత్రాలు రాత్రింబవళ్లు తిరిగినా ఒక్క సమీకరణం తేలడానికి రెండు మూడు వారాలు పట్టేదట. తర్వాత ఆయన ఐన్‌స్టీన్‌కు గణిత సహాయకుడిగా పనిచేసి, 23 ఏళ్లకే డాక్టరేట్ పొందారు.

ఆయన డార్ట్‌మత్ కాలేజీలో లెక్కల మాస్టారుగా చేరినప్పుడు అక్కడ కంప్యూటరే లేదు. సహచరుడు థామస్ కర్ట్జ్ పంచ్ కార్డుల పెట్టె పట్టుకుని, సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని ఎంఐటీకి రైల్లో వెళ్లి వచ్చేవారు. ప్రోగ్రాంలో ఒక్క తప్పు దొర్లితే మళ్లీ అంత ప్రయాణం! సైన్సు చదవని పిల్లలు కూడా నేర్చుకోగలగాలని ఇద్దరూ కలిసి బేసిక్ అనే సులువైన భాషను తయారుచేశారు. ఒకే యంత్రాన్ని ఒకేసారి పలువురు వాడుకునే ఏర్పాటుకు ప్రోగ్రాములు రాసింది చాలావరకు విద్యార్థులే. 1964 మే 1న, తెల్లవారుజామున నాలుగు గంటలకు, తొలి బేసిక్ ప్రోగ్రాములు నడిచాయి. గ్రంథాలయంలోకి వెళ్లినట్టే ఏ విద్యార్థి అయినా రుసుము లేకుండా కంప్యూటర్ దగ్గరకు వెళ్లవచ్చు. ఎందుకని అడిగేవారు లేరు. చుట్టుపక్కల హైస్కూళ్లను కూడా ఫోన్ లైన్లతో కలిపారు.

ఇక్కడ మాలో మాకే పేచీ వచ్చింది. బేసిక్‌ను ఉచితంగా ఇచ్చినప్పుడు దాన్ని కాపీ చేస్తే తప్పేముంది? 1975లో మైక్రోసాఫ్ట్ ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం సొంతంగా ఒక బేసిక్ రాసి అమ్మింది. ఔత్సాహికులు డబ్బివ్వకుండా దాన్ని కాపీ చేసుకుంటున్నారని మరుసటి ఏడాది బిల్ గేట్స్ బహిరంగ లేఖలో మండిపడ్డారు. భాష అందరిదే. ఆ కంపెనీ రాసిన ప్రోగ్రాం మాత్రం ఆ కంపెనీదే. కొనలేనివారి కోసం మరికొందరు టైనీ బేసిక్ అనే చిన్న రూపాన్ని తామే రాసి ఉచితంగా పంచారు. మాకు నచ్చిన దారి అదే.

కెమెనీ 1970 నుంచి 1981 వరకు డార్ట్‌మత్ అధ్యక్షులుగా ఉన్నారు. 1972లో అమ్మాయిలకు అక్కడ ప్రవేశం దొరికింది ఆయన హయాంలోనే. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణు ప్రమాదంపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. 1992 డిసెంబరు 26న, 66వ ఏట కన్నుమూశారు.

ఇప్పుడు పైథాన్ సొంత వెబ్‌సైటు నుంచే దాన్ని దించుకున్నాం. రాసుకోవడానికి ఐడిల్ దానితోనే వస్తుంది. ఇంట్లో కంప్యూటర్ లేని మా మిత్రుడు ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ తెరిచి సాధన చేస్తున్నాడు. అక్క ప్రాజెక్టును ముగ్గురం వంతులవారీగా మళ్లీ టైపు చేస్తున్నాం. ఇంకా 22 పేజీలు ఉన్నాయి.