మూసీకి మార్గం చూపిన మనీషి

నది నాగరికతకు తల్లి. ఆ తల్లి ఒడిలోనే పల్లెలు, పట్టణాలు, మహానగరాలు పెరిగి పెద్దవయ్యాయి. నది స్వభావమెరుగక దాని దారిని ఆక్రమించిన మానవుడు అనేక పర్యాయాలు దాని ఆగ్రహానికి గురయ్యాడు. అలాంటి ఆగ్రహానికి బలియైన భాగ్యనగరాన్ని తన శాస్త్రజ్ఞానంతో తిరిగి నిలబెట్టిన మహనీయుడు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు రాజ్యంలోని చిక్కబళ్ళాపురం సమీపాన గల ముద్దేనహళ్ళి గ్రామంలో జన్మించారు. తల్లి వేంకటలక్ష్మమ్మ, తండ్రి శ్రీనివాసశాస్త్రి. వీరి పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి వలస వెళ్ళినవారు. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరయింది. శాస్త్రిగారు సంస్కృత పండితులు; సంపన్నులు కారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య బెంగుళూరులో మేనమామ అండ చేరి, పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించుకొంటూ 1881లో బి.ఏ. పట్టం పొందారు. అనంతరం పూనాలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు.

ఆ కొలువులో ఆయన నీటి నడకను నిశితంగా పరిశీలించారు. సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం రూపొందించారు. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో స్వయంచాలక తలుపులను అమర్చారు. నీరు నిర్ణీతమైన మట్టాన్ని దాటగానే అవి వాటంతట అవే తెరచుకొంటాయి. వరద తగ్గగానే మూసుకొంటాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే అధిక జలాన్ని నిలువ చేయగల ఈ విధానం ఆయనకు కీర్తిని తెచ్చిపెట్టింది. 1908లో ఆ ఉద్యోగం నుండి స్వచ్ఛందంగా విరమించి ఆయన విదేశ పర్యటనకు బయలుదేరారు.

అదే ఏడాది సెప్టెంబరు 28న హైదరాబాదు నగరంపై పెనువిపత్తు విరుచుకుపడింది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నది, నగరానికి ఎగువన తనలో కలిసే ఈసీ నదితో కూడి ఉప్పొంగింది. కుండపోత వానకు ఎగువనున్న గొలుసుకట్టు చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి. పై చెరువుకు గండి పడితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. ఆ భారానికి దాని కట్టా తెగుతుంది. ఇలా 200కు పైగా చెరువుల నీరు వరదకు తోడై నగరాన్ని ముంచెత్తింది. వంతెనలు కొట్టుకుపోయాయి. వేలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మల నాశ్రయించి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ వృక్షం నాటి విషాదానికి సాక్షిగా నిలిచింది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బాధితులను ఆదుకొనే చర్యలు చేపట్టారు. అంతటితో తృప్తిపడక, ఇట్టి విపత్తు మరల సంభవించకుండా మార్గం చూపవలసినదిగా నిజాం ప్రభుత్వం ఐరోపాలో ఉన్న విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరుకొన్నారు. నగరాన్ని చూసి ఊరుకోక, నది ఎగువ ప్రాంతమంతటినీ సర్వే చేయించారు. చెరువుల లెక్క తీశారు. పొరుగు ప్రాంతాల వర్షపాత వివరాలను సేకరించి, భవిష్యత్తులో ఎంతటి వరద రాగలదో గణించారు.

ఆయన నిర్ణయం సూటిగా ఉంది. నగరం మునగడానికి మూలం నగరంలో లేదు, ఎగువన ఉంది. కాబట్టి రక్షణ కూడా అక్కడే మొదలు కావాలి. మూసీ, ఈసీ నదులపై నగరానికి కొన్ని మైళ్ళ ఎగువన రెండు పెద్ద జలాశయాలను నిర్మించి, వరద ఉధృతిని అక్కడ ఆపి, నది ఇముడ్చుకోగలిగినంత నీటినే కిందికి వదలాలన్నది ఆయన యోచన. నగరంలో నది గట్లను ఎత్తు చేసి, వాటి వెంట విశాలమైన బాటలు, ఉద్యానవనాలు ఏర్పరచాలని సూచించారు. మురుగునీరు నదిలో కలవకుండా భూగర్భ కాలువల ద్వారా ఊరి వెలుపలికి పంపాలని కూడా ప్రతిపాదించారు. ఆ ఏడాది అక్టోబరులో నివేదిక సమర్పించి, నవంబరులో మైసూరు రాజ్య ప్రధాన ఇంజనీరుగా వెళ్ళారు.

ఆయన వెళ్ళినా ఆయన ఆలోచన నిలిచింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీపై హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ప్రాణాలు తీసిన నీరే నగరానికి ప్రాణాధారమైన మంచినీరయింది. నదీతీరాన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు వెలసి నగరానికి వన్నె తెచ్చాయి. నగర మురుగునీటి సమస్యపై సలహా నిచ్చేందుకు 1922లో విశ్వేశ్వరయ్య మరల హైదరాబాదు వచ్చారు.

మైసూరులో ఆయన కృష్ణరాజసాగర నిర్మాణాన్ని ప్రారంభించారు. 1912 నుండి 1918 వరకు దివానుగా రాజ్యాభివృద్ధికి పాటుపడ్డారు. డెబ్బది అయిదేళ్ళు దాటిన వయస్సులోనూ ఒరిస్సా వరదల సమస్యను అధ్యయనం చేసి నివేదిక లిచ్చారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్నతో గౌరవించింది. నూరేళ్ళ నిండు జీవితం గడిపి 1962 ఏప్రిల్‌లో ఆయన పరమపదించారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

విశ్వేశ్వరయ్య ప్రణాళికలో జలాశయాలు సాకారమయ్యాయి. మురుగు నదిలో కలవరాదన్న సూచన మాత్రం నగరం పెరిగినకొద్దీ మరుగున పడింది. నిర్మలంగా పారవలసిన మూసీ మురుగును మోసే నదిగా మారింది. చెరువులు, నాలాలు ఆక్రమణలకు గురయ్యాయి. 2020 అక్టోబరులో నగరాన్ని మళ్ళీ వరదలు ముంచెత్తాయి. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి, ఒడ్డునున్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. ఆనకట్ట వరదను కొంతవరకే ఆపగలదు. నది దారిని నదికి విడిచిపెట్టే వివేకం పౌరులకు ఉండాలి. తీరాన్ని సుందరంగా తీర్చిదిద్దాలని తలపెట్టే ప్రతి తరమూ ముందుగా ఎగువ చెరువులనూ, నదిలో పారే నీటినీ కాపాడుకోవాలి. ఆ మహామేధావికి మనమర్పించగల నిజమైన నివాళి అదే.