విల్బర్‌ఫోర్సు మహాశయుడు : ఎన్నికల వ్యయము, సభలోని ఓటు

ఒక శాసనసభ్యుని గుణమును తెలిసికొనగోరువారు రెండు విషయములను విచారింపవలెను. ఆయనను సభకు పంపుటకైన వ్యయమును భరించినవారెవరు? సభలో ఆయన ఓటు ఏ పక్షమున పడెను? ఈ రెండింటిని జతపఱచి చూచుటకు ఇంగ్లండు దేశీయుడగు విలియం విల్బర్‌ఫోర్సు జీవితము మిక్కిలి తగియున్నది. బానిసల వర్తకమును మాన్పించిన మహనీయుడని ఆయనను లోకమెఱుగును. ఆయన ఎన్నికల చరిత్ర మాత్రము మన చదువరులలో పెక్కుమందికి పరిచితము కాదు.

విల్బర్‌ఫోర్సు 1759వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన హల్ అను రేవుపట్టణమున సంపన్నులగు వర్తకుల యింట జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. పెద్దలు విడిచిన ఆస్తి వలన యౌవనారంభముననే ఆయన ధనవంతుడయ్యెను. కేంబ్రిడ్జిలో చదువుకొనెను. తరువాతి కాలమున ప్రధానమంత్రి యైన విలియం పిట్టు ఆయనకు ప్రాణమిత్రుడు.

1780లో, ఇరువదియొకటవ యేట, హల్ పట్టణము తరఫున కామన్సు సభకు నిలువబడెను. ఆ పట్టణమున ఓటునకు వెల కలదు. ఓటిచ్చిన వానికి రెండు గినీలు ముట్టజెప్పుట ఆచారము. లండనులో నివసించు హల్ ఓటర్లను పిలిపించుటకు ఒక్కొక్కరికి పది పౌనుల వరకు ఇయ్యవలసి వచ్చెడిది. తన జన్మదినమున ఎద్దును కాల్పించి పట్టణ ప్రజలకు విందొనర్చెను. మొత్తము ఎనిమిదివేల పౌనులకు పైగా వ్యయమయ్యెను. ఆయనకు 1,126 ఓట్లు వచ్చినవి. తక్కిన ఇద్దఱు అభ్యర్థులకు వచ్చిన ఓట్లు కలిపినను అంతియే. విజయము ఘనమైనదే గాని, అందు సగము గినీలదే యని చెప్పక తప్పదు.

1784లో ఆయన విశాలమగు యార్కుషైరు మండలమునకు ప్రతినిధి యయ్యెను. మఱుసటి సంవత్సరము ఆయన మనస్సున గొప్ప మార్పు కలిగెను. జూదమును, విలాసములను విడనాడి, తన ధనమునకును కాలమునకును లెక్క చెప్పవలసినవాడ నను భావముతో జీవింపసాగెను. 1787లో బానిసల వర్తకమును మాన్పించు పనికి పూనుకొనెను. ఆఫ్రికా నుండి మనుష్యులను ఓడలలో కుక్కి పశ్చిమ ఇండియా దీవులకు కొనిపోయి అమ్ముట ఆనాడు గొప్ప వ్యాపారము. లివర్‌పూలు, బ్రిస్టలు, లండను రేవుల వర్తకులు ఆ లాభములతో వర్ధిల్లుచుండిరి. థామస్ క్లార్కుసన్ అను త్యాగశీలి ఊరూర తిరిగి సాక్ష్యములు సేకరించి తెచ్చుచుండ, విల్బర్‌ఫోర్సు వానిని సభ ముందుంచెను.

ఓట్ల లెక్కలే ఆ పోరాటపు చరిత్రను చెప్పును. 1791లో ఆయన తీర్మానమునకు 88 ఓట్లు, వ్యతిరేకముగా 163 ఓట్లు వచ్చెను. 1796లో 70 మంది అనుకూలురు, 74 మంది ప్రతికూలురు. నాలుగు ఓట్లలో బిల్లు వీగిపోయెను! ఆ రాత్రి ఆయన పక్షపువారే పలువురు సభకు రాలేదు. కొందఱు సంగీత నాటకము చూడబోయిరి. వేలకొలది మనుష్యుల దుఃఖము ఆ వినోదము వలన మఱి పదునొకండేండ్లు కొనసాగెను. సభ్యుడు వేయని ఓటునకు కూడ ఫలితము కలదని దీనివలన తెలియుచున్నది.

1805లో మఱియొక పరీక్ష వచ్చెను. పిట్టు మంత్రివర్గమున నౌకాశాఖకు అధిపతియగు మెల్విల్ ప్రభువు పూర్వము ప్రభుత్వ ధనమును తన క్రింది యుద్యోగి స్వంత లాభమునకు వాడుకొన నిచ్చెనని అభియోగము వచ్చెను. ప్రాణమిత్రుడగు పిట్టు ఎదుటనే యుండగా, విల్బర్‌ఫోర్సు లేచి మెల్విల్‌కు ప్రతికూలముగా ప్రసంగించెను. ఇరుపక్షములకును 216 చొప్పున ఓట్లు వచ్చెను. సభాధ్యక్షుని ఓటుతో మెల్విల్ దోషి యని తీర్మానమయ్యెను. పిట్టు కన్నీరు పెట్టుకొనెనని చెప్పుదురు.

తుదకు 1807 ఫిబ్రవరి 23వ తేదీన బానిస వర్తక నిషేధపు బిల్లు కామన్సు సభలో 283 అనుకూల ఓట్లతో, 16 మాత్రమే ప్రతికూల ఓట్లతో నెగ్గెను. మార్చి 25న అది చట్టమయ్యెను. కొలది వారములకే సభ రద్దయి, ఎన్నిక వచ్చెను. యార్కుషైరున రెండు స్థానములకు ముగ్గురు పోటీపడిరి. విల్బర్‌ఫోర్సునకు ప్రత్యర్థులు మహాసంపన్న కుటుంబములవారు. వారిలో లాసెల్స్ కుటుంబమునకు పశ్చిమ ఇండియా దీవులలో బానిసలతో సేద్యము చేయించు భూములుండెను. ప్రత్యర్థు లిరువురును కలిసి సుమారు రెండు లక్షల పౌనులు కుమ్మరించిరి.

అంత ధనము విల్బర్‌ఫోర్సునకు లేదు. అప్పుడు ప్రజలే చందాలు వేసికొనిరి. వారము దినములలో 64,455 పౌనులు పోగయ్యెను. అందు వ్యయమైనది సుమారు 28,600 పౌనులు మాత్రమే. సగము కూడ కాలేదు. యార్కు నగరమున పదునైదు దినములు ఓటింగు జరిగెను. బండ్లనన్నిటిని ప్రత్యర్థులు అద్దెకు తీసికొనగా, రైతులు, వృత్తులవారు అనేకులు స్వంత ఖర్చుతో, కాలినడకను, పడవల మీదను వచ్చిరి. విల్బర్‌ఫోర్సునకు 11,806 ఓట్లు, మిల్టన్‌నకు 11,177, లాసెల్స్‌కు 10,989 వచ్చెను. హల్ పట్టణమున ఓటర్లకు తాను ధనమిచ్చినవానికి ఇరువదియేడేండ్ల పిదప ఓటర్లే ధనమిచ్చిరి. ఈ నడుమ ఆయన సభలో వేసిన ఓట్లే దీనికి కారణము.

ఇంకొక విశేషము. ఆ కాలమున ఓటరు అందఱు వినునట్లు బిగ్గరగా అభ్యర్థి పేరు చెప్పవలెను. ఆ జాబితాలు అచ్చువేయబడెడివి. సభ్యులు ఎట్లు ఓటు వేసిరో ప్రభుత్వము ప్రకటింపసాగినది మాత్రము 1836 నుండియే. దాగవలసిన పేదవాని ఓటు బయటపడుచుండెను. బయటపడవలసిన ప్రతినిధి ఓటు మఱుగున నుండెను. ఆ దేశమున రహస్య ఓటింగు 1872లో గాని రాలేదు.

విల్బర్‌ఫోర్సు ఓట్లన్నియు కొనియాడదగినవి కావు. పనివారు సంఘములుగా కూడుటను నిషేధించిన 1799 నాటి చట్టమును ఆయన సమర్థించెను. రొట్టె ధర పెరుగునని పేదలు భయపడిన 1815 నాటి ధాన్యపు చట్టమునకును, విచారణ లేకయే నిర్బంధించుటకు వీలిచ్చిన 1817 నాటి చట్టమునకును అనుకూలుడయ్యెను. దూరదేశపు బానిసకై కరగిన హృదయము ఇంటియొద్ద పనివాని యెడ అంతగా కరుగలేదని విమర్శకులనిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. 1812 నుండి ఆయన యార్కుషైరును విడిచి, ఒక ప్రభువు చేతిలోనున్న బ్రాంబర్ అను చిన్న స్థానమునుండి పోటీ లేకయే సభలో కూర్చుండెను. అనారోగ్యము వలన 1825లో విరమించెను.

1833 జూలై 26న బానిసత్వ నిర్మూలనపు బిల్లు నెగ్గుట ఖాయమని తేలెను. మూడు దినములకు, జూలై 29న, విల్బర్‌ఫోర్సు కన్నుమూసెను. ఆ చట్టము వలన బానిసల యజమానులకు రెండుకోట్ల పౌనుల పరిహారము ముట్టెను. బానిసలకు ఏమియు ముట్టలేదు. ఈస్టిండియా కంపెనీ పాలించిన మన దేశమునకు ఆ చట్టము వర్తింపలేదు. ఇచ్చట బానిసత్వమును న్యాయస్థానములు గుర్తింపరాదను చట్టము 1843లో వచ్చెను.

దానధర్మములకు విరివిగా వెచ్చించి, కుమారుని వ్యాపారనష్టమును భరించి, చివరి దినములలో ఆయన స్వంత గృహమును విడిచి కుమారుల యింట గడపెను. ఆయనను దేవునిగా పూజింప బనిలేదు. ఎవరి ధనముతో గెలిచెను, ఎచ్చట ఓటు వేసెను, ఎచ్చట వేయవలసిన ఓటు వేయలేదు అని లెక్క వ్రాసి చూచిన చాలును. మన ప్రతినిధుల విషయమునను ఆ లెక్క చూచుటకు కావలసిన పత్రికలు, పుస్తకములు మన గ్రంథాలయపు బల్లమీదనే యున్నవి.