జంట చుక్కల బర్న్‌హామ్

అరుంధతీ దర్శనం తెలియని తెలుగు కుటుంబం ఉండదు. ముహూర్తం పట్టపగలు పడినా, ఆకాశం మబ్బు పట్టినా, ఈ దేశంలోనైతే నెత్తిమీద హోటలు హాలు కప్పు ఉన్నా, పురోహితులవారు ఉత్తరదిక్కుగా చెయ్యి చూపిస్తారు. వధూవరులు కనిపించిందన్నట్టు బుద్ధిగా తల ఊపుతారు. సప్తర్షి మండలపు తోక నడుమ ఉన్నవాడు వశిష్ఠుడు, ఆయన పక్కన మినుకుమినుకుమనే చిన్న చుక్క అరుంధతి. చూపు బాగున్నవారికి ఈ ఇద్దరూ వేరువేరుగా కనిపిస్తారు. అయితే ఆ వశిష్ఠ నక్షత్రాన్నే చిన్న టెలిస్కోపుతో చూస్తే అది కూడా ఒకటి కాదు, రెండు. ఈ సంగతి 17వ శతాబ్దంలోనే ఇటలీవారు కనిపెట్టారు.

ఇలా కంటికి ఒకటిగా కనిపించి, అద్దం గుండా చూస్తే రెండుగా విడిపోయేవాటిని జంట నక్షత్రాలంటారు. వీటిలో కొన్ని కేవలం మన చూపుకు ఒకే వరసలో పడ్డవి. వాటి మధ్య ఏ బంధమూ లేదు. తక్కినవి నిజమైన దంపతులు. ఒకదాని చుట్టూ ఒకటి సంవత్సరాల తరబడి, శతాబ్దాల తరబడి తిరుగుతుంటాయి. విలియం హెర్షెల్ ఈ ప్రదక్షిణను 1803లో రుజువు చేశాడు. ఆ తిరుగుడును కొలిస్తేనే నక్షత్రాల బరువు తెలుస్తుంది. నక్షత్రాన్ని త్రాసులో వేసి తూచడానికి మనిషికి దొరికిన సూటి దారి ఇదొక్కటే.

అటువంటి జంటలను వెతికి పట్టడంలో తన కాలంలో సాటిలేనివాడనిపించుకున్న షెర్బర్న్ వెస్లీ బర్న్‌హామ్ ఏ విశ్వవిద్యాలయంలోనూ ఖగోళశాస్త్రం చదవలేదు. పగలు షికాగో కోర్టుల్లో వాంగ్మూలాలు షార్ట్‌హ్యాండులో రాసుకోవడం ఆయన వృత్తి. రాత్రి పెరట్లో కట్టుకున్న చిన్న వేధశాల ఆయన లోకం.

1838 డిసెంబరు 12వ తేదీన వెర్మాంట్ రాష్ట్రంలోని థెట్‌ఫర్డ్‌లో ఆయన జన్మించాడు. చదువు ఆ ఊరి అకాడమీతోనే ముగిసింది. షార్ట్‌హ్యాండు తనంత తానే నేర్చుకొని దానితోనే పొట్టపోసుకున్నాడు. 1861లో లండను వెళ్లినప్పుడు సరదాకొక చవక టెలిస్కోపు కొన్నాడు. ఊరి వింతలు చూడడానికి అది చాలు, చుక్కలు చూడడానికి చాలదు. ఇంతలో ఈ దేశంలో అంతర్యుద్ధం వచ్చింది. ఉత్తరాదివారి సైన్యం ఆక్రమించిన న్యూ ఆర్లియన్స్‌లో ఆయన షార్ట్‌హ్యాండు రిపోర్టరుగా పనిచేశాడు. అక్కడ పుస్తకాల వేలంలో బర్రిట్ అనే ఆయన రాసిన ఆకాశ భూగోళం వంటి పుస్తకమొకటి చేతికి దొరికింది. యుద్ధం నడుస్తున్న ఊళ్లో, ఎవరి అలమరలోంచి వచ్చిందో తెలియని పాత పుస్తకం ఒక మనిషి రాత్రులన్నిటినీ కొనేసింది.

యుద్ధం ముగిశాక 1866లో షికాగో చేరాడు. 1868లో వివాహం. కాస్త మంచిదైన మూడుముప్పావు అంగుళాల టెలిస్కోపు సంపాదించి దానితో చూపు సానబెట్టుకున్నాడు. దానితోనూ తృప్తి కలగలేదు. ఆ రోజుల్లో లెన్సులు అరగదీయడంలో ఈ దేశంలోనేకాదు, ప్రపంచంలోనే మేటి అనిపించుకున్నవారు మాసచూసెట్స్‌లోని ఆల్వన్ క్లార్క్, ఆయన కుమారులు. బర్న్‌హామ్ వారిని ఆరంగుళాల టెలిస్కోపు తయారుచేసి ఇమ్మని కోరాడు. హంగులేమీ అడగలేదు, బొమ్మ మాత్రం మీ చేతనైనంత నిక్కచ్చిగా ఉండాలన్నాడు. 1870లో అది చేతికి వచ్చింది.

టెలిస్కోపుకు వేధశాల ఎందుకు, డాబామీద పెట్టి చూడరాదా అని మన పిల్లలు అడగవచ్చు. చంద్రుడిని చూడడానికి ఏ డాబా అయినా చాలు. జంట నక్షత్రం సంగతి వేరు. భూమి తిరుగుతూ ఉంటుంది కనుక చుక్క అద్దంలో నిలవదు. టెలిస్కోపు ఇరుసును ధ్రువతారకు గురిపెట్టి స్థిరంగా బిగించి, గడియారపు యంత్రంతో మెల్లగా తిప్పుతుంటే తప్ప చుక్క కదలక నిలబడదు. ఆ ఇరుసును రోజూ కొత్తగా గురిపెట్టడం అయ్యేపని కాదు. నేలలోంచి కట్టిన దిమ్మ ఒకటి కావాలి. గది గచ్చు దానికి తగలకూడదు, తగిలితే మనిషి అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా చుక్క గంతులు వేస్తుంది. గాలి కొట్టకుండా గోడ, చూడవలసిన వైపుకే తెరుచుకొనే కప్పు, పరికరం బయటి చలితో సమంగా చల్లబడేందుకు వ్యవధి, ఇవన్నీ కావాలి. వీటన్నిటికంటె ముఖ్యం, భోజనం చేసి అయిదు నిమిషాల్లో పనిలో కూర్చోగలగడం. మర్నాడు ఉదయం కోర్టుకు వెళ్లవలసిన మనిషికి అదే గొప్ప సదుపాయం. వేధశాల పెరట్లో ఉండడంలోని కీలకం ఇదేనని నా నమ్మకం.

విన్సెన్స్ అవెన్యూలోని తన ఇంటి వెనుక బర్న్‌హామ్ అటువంటిది కట్టుకున్నాడు.

ఆరంగుళాల అద్దం సెకండులో ముప్పావు వంతు ఎడం ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపగలదు. సెకండంటే ఇక్కడ కాలం కాదు, కోణం. డిగ్రీలో 3,600వ వంతు. పున్నమి చంద్రుడి వెడల్పును రెండున్నర వేల ముక్కలుగా కోస్తే అందులో ఒక్క ముక్క ఎంతో, ఇంచుమించు అంత. అద్దం చూపగలిగినా కన్ను పట్టుకోవాలి కదా! బర్న్‌హామ్ కన్ను అసాధారణమైనది. ఇతరులు గుండ్రంగా ఉందని వదిలేసిన చుక్క ఆయనకు కోలగా కనిపించేది. ఆ కోలదనంలోనే రెండో చుక్క ఉందని పోల్చుకొనేవాడు.

ఆయన ఈ పనికి దిగేనాటికి విజ్ఞుల అభిప్రాయం ఏమంటే, ఈ పొలంలో ఇక ఏరడానికి పరిగె కూడా మిగల్లేదని. హెర్షెల్ తండ్రీకొడుకులు ఆకాశమంతా గాలించారు. రష్యా ఏలుబడిలోని డోర్పాట్‌లో స్ట్రూవె తొమ్మిదంగుళాల పైచిలుకు టెలిస్కోపుతో ఉత్తరాకాశాన్ని జల్లెడ పట్టి, 1827లో మూడువేలకు పైగా జంటల పట్టిక అచ్చువేశాడు. అటువంటప్పుడు షికాగోలో ఒక కోర్టు రిపోర్టరు, ఆరంగుళాల అద్దంతో, పొగగొట్టాల ఊళ్లో కొత్తగా ఏం కనిపెడతాడు?

1873లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ఆయన మొదటి జాబితా వెలువడింది. అందులో 81 కొత్త జంటలు! తరువాత రెండో జాబితా, మూడోది, నాలుగోది. పాతవారు చూసి దాటిపోయిన చుక్కలే వాటిలో ఎన్నో ఉన్నాయి. ఆయన దగ్గర కొరత ఒకటుండేది: చుక్కల మధ్య ఎడాన్ని కొలిచే మైక్రోమీటరు మొదట్లో లేదు. జంట ఉందని చెప్పగలడు గాని ఎంత ఎడమో ఖచ్చితంగా చెప్పలేడు. ఇటలీలో బారన్ డెంబోవ్‌స్కీ అనే మరొక సొంత వేధశాల యజమాని ఆ భారం తలకెత్తుకున్నాడు. బర్న్‌హామ్ ఇక్కడ కనిపెట్టడం, డెంబోవ్‌స్కీ అక్కడ కొలవడం. ఇద్దరికీ ఇది జీతంలేని పనే.

ఇక్కడ మనవారి మాట ఒకటి చెప్పక తప్పదు. పెరటి వేధశాల అమెరికావారి సొత్తేమీ కాదు. బర్న్‌హామ్ కన్ను తెరిచి రెండేళ్లయినా కాకముందే, 1840లో, విశాఖపట్టణం డాబాగార్డెన్స్‌లోని తమ ఇంట గోడే వెంకట జగ్గారావుగారు వేధశాల నెలకొల్పారు. ఆయన మద్రాసులో ప్రభుత్వ ఖగోళజ్ఞుడు టేలరు దగ్గర శాస్త్రం నేర్చుకున్న జమీందారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు వేధశాల బాధ్యత తీసుకున్నారు. మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరు విన్నవారికి ఆ మూడక్షరాల వెనుక ఎవరున్నారో ఇప్పుడు తెలిసి ఉంటుంది. నరసింగరావుగారు 1868 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించారు. 1871లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యులయ్యారు. 1874లో వారు తెప్పించుకున్న కుక్ కంపెనీ టెలిస్కోపు కూడా ఆరంగుళాలదే. ఆ ఏడాది డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పరిశీలించారు. షికాగోలో ఒక ఆరంగుళాల అద్దం, విశాఖ సముద్రపు ఒడ్డున మరొకటి, ఒకే దశాబ్దంలో పనిచేశాయి. జమీందారుగారికి తీరికా సిరీ ఉన్నాయి. కోర్టు రిపోర్టరుకు రెండూ లేవు. రాత్రి మాత్రం ఇద్దరికీ సమానమే.

బర్న్‌హామ్ ఇంటికి చేరువలోనే అప్పటి షికాగో విశ్వవిద్యాలయపు డియర్‌బర్న్ వేధశాల ఉండేది. అందులోని పద్దెనిమిదిన్నర అంగుళాల లెన్సుదొక కథ. క్లార్కులు దానిని మిసిసిపీ విశ్వవిద్యాలయం కోసం చేశారు. 1862 జనవరి 31వ తేదీ రాత్రి దానిని పరీక్షిస్తూ క్లార్క్ కుమారుడు లుబ్ధకానికి, అంటే సిరియస్‌కు, తోడుచుక్క ఉందని కనిపెట్టాడు. అంతర్యుద్ధం వల్ల లెన్సు దక్షిణాదికి వెళ్లలేదు, షికాగోవారు కొనుక్కున్నారు. ఏ యుద్ధం బర్న్‌హామ్‌కు పుస్తకం చూపిందో అదే యుద్ధం ఆయన ఇంటి పక్కకు ఆ లెన్సునూ చేర్చింది. 1870ల చివర ఆ పెద్ద టెలిస్కోపుతో పనిచేసే అవకాశం దొరికింది. ఆయన జంటలు వందల్లో పెరిగాయి.

1879లో కాలిఫోర్నియానుంచి పిలుపు వచ్చింది. పియానోలు చేసి, భూములు కొని కోటీశ్వరుడైన జేమ్స్ లిక్ ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు కోసం తన ధనాన్ని రాసిచ్చి పోయాడు. హామిల్టన్ కొండమీద గాలి నిలకడగా ఉంటుందో లేదో ఎవరు చెప్పాలి? ధర్మకర్తలు ఈ కోర్టు రిపోర్టరునే అడిగారు. తన ఆరంగుళాల టెలిస్కోపునే వెంటబెట్టుకొని కొండెక్కి, సుమారు రెండు నెలలుండి, నలభైకి పైగా కొత్త జంటలతో దిగివచ్చి, ఇంతకంటె మంచి చోటు లేదని నివేదిక ఇచ్చాడు. మూడడుగుల లెన్సుతో లిక్ వేధశాల 1888లో ప్రారంభమైనప్పుడు మొదటి సిబ్బందిలో ఆయన ఒకడు. వృషభరాశిలోని ఒక చిన్న తారను అంటిపెట్టుకొని ఉన్న మసక మేఘాన్ని 1890లో అక్కడే కనిపెట్టాడు. అది ఇప్పటికీ బర్న్‌హామ్ నీహారిక అన్న పేరుతో ఉంది.

కాని జీతం తీసుకొని చుక్కలు చూసే బ్రతుకు ఆయనకు నప్పలేదు. డైరెక్టరు హోల్డెన్‌తో పొసగలేదు. ఆయనతో పొసగనివాడు ఇతడొక్కడే కాదు. 1892లో రాజీనామా ఇచ్చి షికాగో వచ్చేసి, ఫెడరల్ కోర్టులో క్లర్కుగా చేరాడు. ప్రపంచంలోని అతి పెద్ద టెలిస్కోపును వదిలి దస్త్రాల మధ్యకు తిరిగి రావడాన్ని తెలివితక్కువ అనవచ్చు. నేననను. పెరట్లో ఎవరికీ జవాబు చెప్పుకోకుండా ఏళ్ల తరబడి పనిచేసినవాడు మరొకరి హాజరుపట్టీలో ఇమడడం కష్టం. రెండేళ్లు తిరక్కుండానే, 1894లో, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ తన బంగారు పతకాన్ని ఆ కోర్టు క్లర్కుకే ఇచ్చింది.

1897లో షికాగోకు సుమారు 75 మైళ్ల దూరంలో, విస్కాన్సిన్‌లోని విలియమ్స్ బే దగ్గర, నలభై అంగుళాల టెలిస్కోపుతో యర్క్స్ వేధశాల వెలిసింది. వారానికి రెండు రాత్రులు బర్న్‌హామ్‌వి. వారమంతా కోర్టు, వారాంతంలో రైలెక్కి వెళ్లి తెల్లవార్లూ పని, తిరిగి సోమవారానికి కచేరీ. 1902లో కోర్టు ఉద్యోగం విరమించాడు గాని రైలు ప్రయాణం మానలేదు. 1914 వరకు సాగించాడు.

తాను కనిపెట్టిన 1,290 జంటల పట్టికను 1900లో అచ్చువేశాడు. అంతకంటె పెద్ద పని మరొకటి ఉంది. మొదటినుంచీ, లోకంలో ఎవరు ఏ జంటను కనిపెట్టినా, కొలిచినా, దానిని స్వహస్తంతో పుస్తకంలోకి ఎక్కించుకొనే అలవాటు ఆయనది. ముప్పై ఏళ్లకు పైగా రాసుకున్న ఆ రాతప్రతే 1906లో కార్నెగీ సంస్థ అచ్చువేసిన జంట నక్షత్రాల మహాపట్టిక అయింది. అందులో 13,665 జంటలున్నాయి. పగలు ఇతరుల మాటలు పొల్లుపోకుండా రాసే మనిషికి రాత్రి ఆకాశం చెప్పింది పొల్లుపోకుండా రాసుకోవడం కొత్త విద్యేమీ కాదేమో.

పెరట్లోని ఆరంగుళాల టెలిస్కోపు చాలాకాలం క్రితమే మాడిసన్‌లోని వాష్‌బర్న్ వేధశాలకు చేరింది. బర్న్‌హామ్ 1921 మార్చి 11న షికాగోలో మరణించాడు. వయస్సు 82. పట్టికకు తరువాతి చేర్పుల బాధ్యతను ముందే పెన్సిల్వేనియాలోని ఎరిక్ డూలిటిల్‌కు అప్పగించాడు. డూలిటిల్ 1920లోనే పోయాడు. ఆ కాగితాలు లిక్ వేధశాలలోని ఏట్కెన్ చేతికి వెళ్లాయి. ఆయన మరొక పన్నెండేళ్లు శ్రమించి, 1932లో, 17,180 జంటలతో కొత్త పట్టిక అచ్చువేశాడు. అందులో బర్న్‌హామ్ కనిపెట్టిన చుక్కలన్నిటి పక్కనా బీటా అనే గ్రీకు అక్షరమూ, ఆయన వేసిన వరస అంకెా ఉంటాయి.