జీతం లేని పంతులమ్మ

మా అక్క కూతురు లెక్కల్లో పీహెచ్.డీ. చేస్తోంది. ఈ ఎండాకాలం ఇంటికి రాకుండా మూడు వారాలు సమ్మర్ స్కూలుకని వెళ్లింది. ఇంత చదివాక మళ్లీ స్కూలేమిటని అక్క ఒకటే సణుగుడు. తిరిగొచ్చాక అమ్మాయి కబుర్లు విన్నాను. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం లెక్కలు, రాత్రి భోజనాల దగ్గరా అవే వాదనలు. పేరున్న ప్రొఫెసర్ల పక్కనే కూర్చుని, తెలియనిది మొహమాటం లేకుండా అడగొచ్చట. వింటుంటే నాకు ఎమ్మీ నోథర్ గుర్తొచ్చింది. ఇలాంటి బడి ఆవిడ తన ఇంట్లోనే నడిపింది మరి!

ఎమ్మీ 1882లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టింది. తండ్రి మాక్స్ నోథర్ గణితం ప్రొఫెసరు. ఫ్రెంచి, ఇంగ్లీషు టీచరుగా పరీక్ష పాసైన ఎమ్మీ, ఆ ఉద్యోగంలో చేరకుండా లెక్కల వైపు నడిచింది. అప్పట్లో అక్కడి యూనివర్సిటీ ఆడవాళ్లను చేర్చుకునేది కాదు. ఒక్కో ప్రొఫెసరునీ అడిగి, ఒప్పుకుంటే కూర్చుని వినాలి. 1904లో ఆ తలుపు తెరుచుకుంది. 1907లో డాక్టరేట్ వచ్చింది. ఆ తర్వాత ఏడేళ్లు అక్కడే పనిచేసింది. తండ్రికి ఒంట్లో బాగోలేనప్పుడు ఆయన క్లాసులూ చెప్పింది. జీతం మాత్రం సున్నా!

1915లో హిల్బర్ట్, క్లైన్ అనే మహా గణితవేత్తలు ఆవిడను గొట్టింగెన్‌కు పిలిపించారు. ఆడమనిషికి బోధించే హక్కేమిటని కొందరు ప్రొఫెసర్లు అడ్డుపడ్డారు. దాంతో నోటీసులో హిల్బర్ట్ పేరు, పాఠం చెప్పేది ఎమ్మీ. 1918లో ఆవిడ ప్రచురించిన సిద్ధాంతం భౌతికశాస్త్రానికే ఆధారమైంది. ప్రకృతి నియమాలు నిన్నా, ఇవాళా, రేపూ ఒకటే కాబట్టే మొత్తం శక్తి పెరగదు, తరగదు అని లెక్కకట్టి చూపింది. బోధించే హక్కు 1919లో దక్కింది. కాస్తో కూస్తో జీతం 1923లో గానీ రాలేదు.

అయినా కుర్రాళ్లు ఆవిడ చుట్టూ చేరారు. నడకకు వెళ్లినా లెక్కలే, ఇంటికి పిలిచి తినిపించినా లెక్కలే. తనకు తోచిన ఆలోచనలు శిష్యులకు ధారాళంగా పంచేసేది. వాళ్లలో వాన్ డెర్ వార్డెన్ 1930లో రాసిన బీజగణితం పుస్తకంలో ఆవిడ పాఠాల పాలు పెద్దదే.

1933లో నాజీలు యూదులను ఉద్యోగాల్లోంచి తీసేశారు. అందులో ఎమ్మీ ఉద్యోగమూ పోయింది. ఆవిడ బెంబేలెత్తలేదు. శిష్యులను ఇంటికే రమ్మని పాఠం కొనసాగించింది. ఒక కుర్రాడు నాజీ యూనిఫాంలోనే వచ్చి కూర్చున్నా కాదనలేదు. ఆ ఏడాదే అమెరికాలోని బ్రిన్ మార్ మహిళా కాలేజీలో చేరింది. అక్కడ ఓల్గా టాస్కీ వంటి యువ పరిశోధకురాళ్లు చుట్టూ చేరారు. రెండేళ్లయినా నిండలేదు, 1935 ఏప్రిల్ 14న ఆపరేషన్ తర్వాత కన్నుమూసింది. అప్పటికి 53 ఏళ్లే.

ఇప్పుడు జర్మనీలో యువ పరిశోధకులు సొంత బృందం నడుపుకోవడానికి డబ్బిచ్చే పథకానికి ఎమ్మీ నోథర్ పేరే పెట్టారు. జీతం లేని పంతులమ్మ పేరు మీద ఎందరో జీతాలు తీసుకుంటున్నారు!

వచ్చే వేసవికీ అమ్మాయి వెళ్తానంటే అక్క ఏమంటుందో తెలీదు. టికెట్టు డబ్బులు మాత్రం నావే.