మంగళవారం పబ్, గురువారం రాత్రి: టోల్కీన్ కథ

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సినిమాలూ ఒకే వీకెండ్‌లో లాగించేసిన బ్యాచ్‌లు మన హాస్టల్లో చాలానే ఉన్నాయి. ఆ కథ రాసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. నేను పుస్తకం చదివాక ఆయన జీవితం గురించి కూడా చదివాను. నిజం చెప్పాలంటే జీవితమే నన్ను ఎక్కువ పట్టుకుంది. అది ఆక్స్‌ఫర్డ్ అనే పాత యూనివర్సిటీ ఊళ్లో, ఒక పబ్‌లో, ఒక కాలేజీ గదిలో కూర్చున్న ఫ్రెండ్స్ కథ.

టోల్కీన్ 1892 జనవరి 3న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌లో పుట్టాడు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. మూడేళ్ల వయసులో అమ్మ, తమ్ముడితో ఇంగ్లండ్ వచ్చాడు. అక్కడే ఉండిపోయిన నాన్న 1896లో చనిపోయాడు. 1904లో అమ్మ కూడా షుగర్ జబ్బుతో పోయింది. అప్పటికి ఇన్సులిన్ ఇంకా కనిపెట్టలేదు. పన్నెండేళ్లకే తల్లీ తండ్రీ లేని పిల్లాడయ్యాడు. ఒక చర్చి ఫాదర్ గార్డియన్‌గా ఉండి అన్నదమ్ములిద్దరినీ చదివించాడు.

బర్మింగ్‌హామ్ స్కూల్లో అతనికి ఒక గ్యాంగ్ దొరికింది. స్కూల్ లైబ్రరీలో దొంగచాటుగా టీ కాచుకుని తాగేవాళ్లు. తర్వాత బారోస్ అనే షాపులోని టీ రూమ్‌కి మకాం మార్చారు. అందుకే తమకి టీ క్లబ్ అని పేరు పెట్టుకున్నారు. అందులో ముఖ్యమైనవాళ్లు నలుగురు: టోల్కీన్, క్రిస్టఫర్ వైజ్‌మన్, రాబ్ గిల్సన్, జెఫ్రీ స్మిత్. పుస్తకాలు, బొమ్మలు, పద్యాలు, ఎప్పుడూ అదే గోల. నాటకాలు కూడా వేసేవాళ్లు. 1911లో షెరిడన్ రాసిన 'ది రైవల్స్'లో టోల్కీన్ ఆడవేషం కట్టాడు, మాటలన్నీ తప్పుగా వాడే మిసెస్ మాలప్రాప్‌గా.

అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీలో చేరాడు. అక్కడ అప్పటి రూల్స్ చూస్తే మన హాస్టల్ ఇన్-టైమ్ చాలా నయం అనిపిస్తుంది. రాత్రయితే కాలేజీ గేట్లు మూసేవాళ్లు. స్టూడెంట్స్ పబ్‌లకి వెళ్లకూడదు. వెళ్లినవాళ్లని పట్టుకోవడానికి ప్రాక్టర్లనే యూనివర్సిటీ అధికారులు మనుషుల్ని వెంటేసుకుని వీధుల్లో తిరిగేవాళ్లు. అయినా కుర్రాళ్లు ఆగుతారా? ఒక రాత్రి గొడవలో టోల్కీన్, ఇంకో ఫ్రెండ్ కలిసి ఏకంగా ఒక బస్సునే పట్టుకుపోయి ఊళ్లో తిప్పారు.

చదువు సంగతి కూడా చెప్పాలి. మొదట తీసుకున్నది గ్రీకు, లాటిన్ సాహిత్యం. 1913లో సెకండ్ క్లాసే వచ్చింది. కానీ భాషాశాస్త్రం పేపర్ మాత్రం అద్భుతంగా రాశాడు. అది చూసి కాలేజీవాళ్లు ఇంగ్లీషుకి మారమన్నారు. అంటే బ్రాంచ్ ఛేంజ్ అన్నమాట! 1915లో ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాడు.

తర్వాత యుద్ధం. 1916 మార్చిలో చిన్ననాటి ప్రేమ ఎడిత్‌ని పెళ్లి చేసుకుని, జూన్‌లో ఫ్రాన్స్ వెళ్లాడు. జులై 1న సోమ్ యుద్ధం మొదటి రోజే రాబ్ గిల్సన్ చనిపోయాడు. టోల్కీన్‌కి ట్రెంచ్ ఫీవర్ వచ్చి నవంబర్‌లో ఇంటికి పంపేశారు. డిసెంబర్ 3న స్మిత్ కూడా పోయాడు. ఆ స్మిత్ అంతకుముందొకసారి, రాత్రి గస్తీకి వెళ్లబోతూ టోల్కీన్‌కి ఒక ఉత్తరం రాశాడు. తను చచ్చిపోయినా, అందరూ కలిసి కన్న కలని మిగిలినవాళ్లు లోకానికి చెప్తారన్న నమ్మకంతో రాసిన ఉత్తరం అది. అతని పద్యాలని టోల్కీన్ 1918లో ముందుమాట రాసి పుస్తకంగా తెచ్చాడు. కానీ ఆ కలని చెప్పే పని అలాగే మిగిలిపోయింది.

1925లో టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌కే ప్రొఫెసర్‌గా తిరిగొచ్చారు. (ప్రొఫెసర్ అయ్యారు కాబట్టి ఇక మర్యాద ఇద్దాం.) మరుసటి ఏడాది సి.ఎస్. లూయిస్ పరిచయమయ్యారు, 'నార్నియా' రాసినాయన. 1929 చివర్లో టోల్కీన్ ఎవరికీ పెద్దగా చూపించని ఒక పొడవాటి పద్యాన్ని ధైర్యం చేసి లూయిస్‌కి ఇచ్చారు. లూయిస్ రాత్రి కూర్చుని చదివి, బాగుందని చెప్పి, తర్వాత ఎక్కడ ఏం మార్చాలో వివరంగా రాసి పంపారు. ఇలాంటి కోడ్ రివ్యూ ఒక్కటి దొరికితే ఎవరైనా ఇంకో ఏడాది పని చేయగలరు.

వాళ్ల చుట్టూ చేరిన గుంపు పేరు ఇంక్లింగ్స్. అది అసలు ఒక స్టూడెంట్ క్లబ్ పేరు. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' తీసిన డేవిడ్ లీన్ తమ్ముడు దాన్ని మొదలుపెట్టాడు. అతను చదువు ముగించి వెళ్లాక క్లబ్ ఆగిపోయింది, పేరు మాత్రం వీళ్లకి దక్కింది. గురువారం రాత్రి లూయిస్ కాలేజీ గదిలో కలిసేవారు. లూయిస్ అన్నయ్య టీ కాచి ఇచ్చేవారు. ఎవరో ఒకరు కొత్తగా రాసింది చదవాలి, మిగతావాళ్లు మొహమాటం లేకుండా విమర్శించాలి. మంగళవారం పొద్దున సెయింట్ జైల్స్ వీధిలోని ఈగిల్ అండ్ చైల్డ్ పబ్‌లో కలిసేవారు. పబ్ అనగానే మనకి డీజే, లైట్లు గుర్తొస్తాయి. ఇదేమో వెనక చిన్న గది, బీరు, పైపు పొగ, కబుర్లు.

ఈ గుంపులో నాటకాలవాళ్లూ ఉన్నారు. నెవిల్ కాగ్‌హిల్ నాటక దర్శకుడు. 1938లో ఆయనా, కవి మేస్‌ఫీల్డ్ కలిసి ఒక వేసవి కార్యక్రమం పెట్టి టోల్కీన్‌ని స్టేజీ ఎక్కించారు. పాతకాలపు కవి ఛాసర్ వేషంలో ఆయన కోడిపుంజు, నక్క కథని మొత్తం చూడకుండా అప్పజెప్పేశారు. అదే కాగ్‌హిల్ 1966లో, పబ్‌కి కొద్ది నిమిషాల నడకలో ఉన్న ఆక్స్‌ఫర్డ్ ప్లేహౌస్‌లో, తన పాత శిష్యుడు రిచర్డ్ బర్టన్‌తోనూ ఎలిజబెత్ టేలర్‌తోనూ స్టూడెంట్స్‌ని కలిపి 'డాక్టర్ ఫాస్టస్' వేయించారు.

'ది హాబిట్' 1937లో వచ్చింది. పబ్లిషర్ ఇంకోటి కావాలన్నాడు. ఆ డిసెంబర్‌లో మొదలుపెట్టిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పూర్తవడానికి దాదాపు పన్నెండేళ్లు పట్టింది. మధ్యలో ఎన్నిసార్లు ఆగిందో! 1944లో లూయిస్ వెంటపడితే మళ్లీ పెన్ను పట్టుకుని, ఫ్రోడో, శామ్‌ల ప్రయాణం రాసింది రాసినట్టు లూయిస్‌కి, చార్లెస్ విలియమ్స్‌కి చదివి వినిపించారు. అందరికీ నచ్చిందనుకోకండి. హ్యూగో డైసన్‌కి ఆ కథంటే విసుగు. ఆయనుంటే చదవడమే మానేసేవారు.

1945 మే 15, మంగళవారం. యూరప్‌లో యుద్ధం ముగిసి సరిగ్గా వారం. విలియమ్స్‌ని చూద్దామని లూయిస్ ఆసుపత్రికి వెళ్తే, అప్పటికే చనిపోయారని చెప్పారు. ఆసుపత్రి నుంచి పబ్ దగ్గరే. అక్కడ ఎప్పటిలాగే ఎదురుచూస్తున్న వాళ్లకి ఆ వార్త చెప్పడానికి లూయిస్ నడుచుకుంటూ వచ్చారు. ఈ ఒక్క నడక గురించి నేను చాలాసార్లు ఆలోచించాను.

1949లో గురువారం రాత్రులు ఆగిపోయాయి. పుస్తకం 1954, 55లలో మూడు భాగాలుగా వచ్చింది. మొదటి ముద్రణ ముందుమాటలో టోల్కీన్ ఇంక్లింగ్స్‌ని తలచుకున్నారు. తర్వాత ఇద్దరి మధ్యా దూరం పెరిగింది. లూయిస్ పెళ్లి చేసుకున్న సంగతి కూడా టోల్కీన్‌కి ఆలస్యంగా తెలిసింది. అయినా 1961 నోబెల్‌కి లూయిస్ పంపిన పేరు టోల్కీన్‌దే. 50 ఏళ్ల తర్వాత నోబెల్ రికార్డులు తెరిస్తే ఆ నామినేషన్ అందులో ఉంది. బహుమతి రాలేదు. లూయిస్ 1963 నవంబర్ 22న, కెనడీ చనిపోయిన రోజే పోయారు. ఎడిత్ 1971లో, టోల్కీన్ 1973 సెప్టెంబర్ 2న. ఆక్స్‌ఫర్డ్ దగ్గర వూల్వర్‌కోట్‌లో ఇద్దరిదీ ఒకే సమాధి. దాని మీద వాళ్ల పేర్ల కింద లూథియన్, బెరెన్ అని కూడా ఉంటుంది. 1929లో లూయిస్‌కి చూపించిన పద్యంలోని ప్రేమికులు వాళ్లే.

ఆ పబ్ 2020లో మూతపడింది. 2023లో దాన్ని కొన్నది ఎవరో తెలుసా? మన డీబీఎంఎస్ ల్యాబ్ ఒరాకిల్‌ని స్థాపించిన ల్యారీ ఎలిసన్ పేరుతో ఉన్న ఇన్‌స్టిట్యూట్!

స్మిత్ ఉత్తరానికి జవాబు ఈ పుస్తకమే అని నా నమ్మకం. 1916లో పోయిన ఫ్రెండ్స్ మొదలుపెట్టిన పనిని, తర్వాత దొరికిన ఫ్రెండ్స్ దగ్గరుండి పూర్తి చేయించారు. మన క్లబ్ మీటింగ్‌కి ఏడుగురు వస్తే గొప్ప. ఇంక్లింగ్స్ కూడా చాలా రాత్రులు అంతమందే. కాబట్టి ఫోన్ నోట్స్‌లో సగం రాసి వదిలేసిన కథ ఉంటే ఈసారి తీసుకురండి. చదవండి, వింటాం. డైసన్‌లా విసుక్కునేవాడు ఒకడుంటాడు, పట్టించుకోకండి.