ఖైదీల జ్వరాన్ని వెంటాడిన జాన్ హోవార్డ్

చెరసాల పరిచర్య అంటే మన సంఘాలకు క్రిస్మస్ కేకు, పండ్లు, రెండు పాటలు, ఒక వర్తమానం. జాన్ హోవార్డ్ జైలుకు వెళ్తే మొదట నీళ్లున్నాయా, గోడలకు సున్నం వేశారా, జబ్బుపడినవాణ్ణి ఎక్కడ పడుకోబెట్టారు అని చూసేవాడు.

1726లో ఇంగ్లాండులో పుట్టిన ఈయన ఆస్తిపరుడు, భక్తిపరుడు. యౌవనంలో లిస్బన్‌కు ఓడలో వెళ్తుండగా ఫ్రెంచివారికి చిక్కి, కొంతకాలం తానే ఖైదీగా ఉన్నాడు. 1773లో బెడ్‌ఫర్డ్‌షైరుకు హై షెరీఫ్ అయ్యాడు. నిర్దోషులని తీర్పు వచ్చినవాళ్లు సైతం జైలరు రుసుము కట్టలేక లోపలే మగ్గడం అప్పుడు చూశాడు.

అంతకంటె ఘోరం జైలు జ్వరం. ఇప్పుడు టైఫస్ అంటున్నాం. ఉరికంబం మీదకంటె ఈ జ్వరంతోనే ఎక్కువమంది ఖైదీలు చనిపోతున్నారని ఆయన గ్రహించాడు. 1750లో ఖైదీలతోపాటు లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టుకు వచ్చిన ఈ జ్వరం న్యాయమూర్తులనూ నగర మేయరునూ కూడా బలిగొంది.

హోవార్డ్ ఇచ్చిన సాక్ష్యం విని పార్లమెంటు 1774లో రెండు చట్టాలు చేసింది. ఒకటి ఆ రుసుము గురించి. రెండవది ఏటా సున్నం, గాలి, స్నానం, వైద్యుడు, రోగులకు వేరే గదులు ఉండాలంది. ఆయన వాటిని సొంత ఖర్చుతో అచ్చువేయించి జైళ్లకు పంపాడు. మళ్లీ వెళ్లి చూస్తే చాలాచోట్ల అమలే లేదు. బట్టలకు పట్టిన కంపు భరించలేక, మూసిన బండి మాని గుర్రంమీద తిరిగాడు. దుర్వాసనే రోగకారణమని ఆ కాలం నమ్మింది. పేలు కారణమని తేలింది 1909లో. అయినా స్నానం, శుభ్రమైన బట్టలు అని ఆయన పట్టుబట్టింది సరైన విరుగుడే.

నేటి జైళ్లలో ఒకరి తర్వాత ఒకరు వాడే బ్లేడు, పచ్చబొట్టు సూది, మత్తు సిరంజి ఆ పేల పని చేస్తున్నాయి. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి వాటిద్వారా రక్తంలోకి వెళ్తాయి. హెపటైటిస్ బికి టీకా ఉంది. సి వచ్చినా, ఎక్కువమందికి సుమారు మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. శిక్ష తీరినవాడు మన వీధికే, తన భార్యాబిడ్డల దగ్గరకే వస్తాడు. మేము ఇన్నేళ్లు జైళ్లకు వెళ్లి, అక్కడ గడ్డం ఎవరి బ్లేడుతో గీస్తారని ఒక్కసారీ అడగలేదు. ఒప్పుకుంటున్నాం.

హోవార్డ్ చివరి ప్రయాణం రష్యా సామ్రాజ్యానికి. నల్లసముద్రానికి దగ్గరలోని ఖేర్సోన్‌లో, జ్వరంతో ఉన్న ఒక యువతిని చూడబోయి, తానూ జ్వరపడి 1790 జనవరి 20న కన్నుమూశాడు. బ్రతికుండగా విగ్రహం పెడతామంటే వద్దని ఆపించాడు. పోయాక లండన్ సెయింట్ పాల్స్ కేథెడ్రల్‌లో పెట్టారు.